తొమ్మిదిలోంచి తీసేస్తే తేలే లెక్క: ఎంజీబీ ట్యాపెట్ సెట్టింగ్

ఎంజీబీ ఇంజిన్‌లో రాకర్‌కూ వాల్వు కాడ కొసకూ మధ్య ఉండాల్సిన సందు 0.015 అంగుళాలు, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఇది ఇంజిన్ చల్లగా ఉన్నప్పటి కొలత. వేడెక్కాక చూస్తే 0.013 ఉండాలి. రెంటికీ తేడా అక్షరాలా వెంట్రుకవాసి.

1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన కారిది. 1798 సీసీ, 4 సిలిండర్లు, 8 వాల్వులు. ఇంజిన్ బీఎంసీ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందింది. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ దీనికి దగ్గరి చుట్టమే. కాబట్టి పాత అంబాసిడర్ ఉన్నవాళ్లకూ కింది లెక్క పనికొస్తుంది. సందు కొలత మాత్రం ఎవరి ఇంజిన్ పుస్తకంలో వాళ్లు చూసుకోవాలి.

అసలు సందు ఎందుకు? వేడికి వాల్వు కాడ సాగి, ఉన్న ఖాళీలో కొంత తినేస్తుంది. ఖాళీ చాలకపోతే వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎంజీబీకి పూర్తి శక్తి వచ్చేది 5400 ఆర్పీఎం దగ్గర. అప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 45 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు ఒంట్లోని వేడిలో ఎక్కువ భాగం సీటుకు తగిలిన ఆ కాస్త సేపట్లోనే దిగిపోవాలి. తగలకపోతే అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది.

అందుకే కొలతలు తారుమారైతే ఎటువైపు తారుమారయ్యాయన్నది ముఖ్యం. వేడి ఇంజిన్‌కు 15 (అంటే 0.015 అంగుళాలు) పెడితే చల్లారాక సుమారు 17 ఉంటుంది. టకటక వినిపిస్తుంది, అంతే. చల్లని ఇంజిన్‌కు 13 పెడితే వేడెక్కాక 11కు దిగుతుంది. చప్పుడు తగ్గిందని ఓనరు మురిసిపోతాడు, లోపల వాల్వు మాడుతుంటుంది. చప్పుడు చేసే ట్యాపెట్‌నే నేను నమ్ముతాను.

ఇక తొమ్మిది లెక్క. ముందు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుందో ఆ అంకెను 9లోంచి తీసేస్తే, సెట్ చేయాల్సిన వాల్వు తేలుతుంది: 8 తెరుచుకుంటే 1, 6 అయితే 3. ఇందులో మాయేమీ లేదు. వరసలో 1, 4 సిలిండర్లు ఒక జత; 2, 3 మరో జత. జతలోని రెంటి మధ్య క్రాంక్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, క్యామ్ అర చుట్టే. ఒకదాని క్యామ్ ముక్కు పైకి లేచినప్పుడు రెండోదాని క్యామ్ మడమ మీద ఉంటుంది.

పేలుడు వరస 1-3-4-2 కాబట్టి వాల్వులు 8, 6, 4, 7, 1, 3, 5, 2 క్రమంలో తెరుచుకుంటాయి. ఆ వరస పట్టుకుంటే రెండు చుట్లలోపే పని అయిపోతుంది. ప్లగ్గులు తీసేసి, టాప్ గేరులో వేసి కారును మెల్లగా తోస్తే ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. లాక్ నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి, ఫీలర్ గేజ్ రేకు కాస్త పట్టు ఇస్తూ జారేలా చూడాలి. నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కదులుతుంది గనుక బిగించాక మళ్లీ కొలవాలి.

రాకర్ కొస అరిగి గుంట పడి ఉంటే గేజ్ కూడా మోసం చేస్తుంది. చదునైన రేకు ఆ గుంట మీదుగా వంతెనలా పోతుంది. రేకు 15 అంటుంది, అసలు సందు అంతకంటే ఎక్కువ. సెట్ చేశాక కూడా ఒకే చోట చప్పుడు వస్తుంటే స్క్రూను ఇంకా బిగించకండి, రాకర్ విప్పి చూడండి.