మిగిలిన ముక్కలతో బాపు జీపు

పోయిన ఎపిసోడ్‌లో ముప్పావు గంట సెటిల్‌మెంట్ డబ్బుల గురించి మాట్లాడి, చివర్లో రెండు నిమిషాలు నేను చేసిన చిన్న జీపు గురించి చెప్పాను. వాయిస్ మెసేజ్‌లు మాత్రం ఎక్కువగా జీపు మీదే వచ్చాయి. "అన్నా, అది ఎట్ల చేసినవ్? సామాన్లు ఎక్కడ దొరికినయ్? రూమ్‌లో వాసన రాలేదా?" అని. కొలతలు ఆడియోలో చెప్తే ఎవరికీ ఎక్కవు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ జీపు ఎవరిదో చెప్పాలి. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా బాపుకు లాంగ్ ఛాసిస్ మహీంద్రా జీపు ఉండేది, ఊర్లో అందరూ కమాండర్ అనేవాళ్లు. జగిత్యాల నుంచి కోరుట్ల వైపు సర్వీసు కొట్టేవాడు. లోపల పదిహేను మంది, వెనక వేలాడేవాళ్లు నలుగురు, టాపు మీద కోళ్ల గంప. 2008లో నా వీసాకు ఏజెంటు అడిగిన డబ్బు ఎక్కడా పుట్టలేదు. బాపు జీపు అమ్మేశాడు. ఆ తర్వాత వేరేవాళ్ల ఆటో కిరాయికి నడిపాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా వానల గురించి, వరి గురించి, తమ్ముడి గురించి మాట్లాడేవాడు. జీపు అన్న మాట మాత్రం పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట వినలేదు. ఇంట్లో మిగిలింది ఒక్క ఫోటో. దసరాకు బంతిపూల దండలు వేసి, పక్క నుంచి తీసింది.

నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తా. మా దగ్గర పనిచేసిన ఒక కబాయన్ ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్తూ బూట్ల డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. ఆయన ప్లాస్టిక్ మోడల్ కార్లు చేసేవాడు. చేసినవన్నీ అమ్ముకున్నాడు, మిగిలిన ముక్కలు ఆ డబ్బాలో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు బాడీ ఒకటి, దాని టైర్లు మూడు. జపాన్ పికప్ కిట్ ఛాసిస్, దాని వెనక తొట్టి. ఒక అమెరికన్ కారు ఇంజను, ఎవరెవరివో సీట్లు, అద్దాలు, లైట్లు.

ఇన్ని ముక్కలు ఎందుకు మిగులుతాయని ఒకాయన అడిగాడు. కిట్ కంపెనీలు ఒకే పెట్టెలో రెండు మూడు రకాల భాగాలు పెడతాయి. 1950ల చివర్లో అమెరికాలో ఏఎమ్‌టీ కంపెనీ త్రీ ఇన్ వన్ అని ఇదే పద్ధతిలో అమ్మింది. అదే కారును షోరూమ్‌లో ఉన్నట్టు చేసుకోవచ్చు, రేసు కారుగానూ చేసుకోవచ్చు. ఒకటి చేస్తే మిగతావి మిగిలిపోతాయి. అలాంటి ముక్కలు కలిపి కొత్తది చేయడాన్ని కిట్‌బాషింగ్ అంటారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో అంతరిక్ష నౌకల ఒంటి మీద కనిపించే గొట్టాలు, పలకలు చాలావరకు ట్యాంకుల, విమానాల, కార్ల కిట్లలోంచి పీకి అతికించినవే.

ముక్కలు చేతిలో ఉంటే వెంటనే అతికించాలని చెయ్యి దురద పెడుతుంది. అక్కడే పని చెడుతుంది. ముందు స్కేలు చూడాలి. 1/24 అంటే అసలు బండి 24 మిల్లీమీటర్లు ఇక్కడ ఒక మిల్లీమీటరు. జపాన్ కిట్లు ఎక్కువగా 1/24లో, అమెరికన్ కిట్లు ఎక్కువగా 1/25లో వస్తాయి. నాలుగు మీటర్ల కారు ఒకదాంట్లో 167 మి.మీ., ఇంకోదాంట్లో 160 మి.మీ. అద్దాలు, లైట్ల లాంటి చిన్నవి కలిపేసినా ఎవరికీ తెలియదు. చక్రాలు, సీట్లు కలిపితే మాత్రం ఎక్కడో తేడా కొడుతోందని చూసేవాడికి వెంటనే అనిపిస్తుంది. డబ్బాలో 1/35 ట్యాంకు కిట్‌లోని డీజిల్ క్యాను కూడా ఒకటి ఉంది. అసలుది 20 లీటర్లది. 1/24 జీపు మీద పెడితే అది ఆరు లీటర్ల డబ్బా అయిపోతుంది. నేను పారేయలేదు, ఇంజన్ ఆయిల్ డబ్బా అనుకొని సీటు కింద పెట్టా.

ఇక అసలు కొలతలు. బాపు జీపు కాగితాలు లేవు, బండీ లేదు. ఉన్నది ఫోటో. ఫోటోలో సైజు కచ్చితంగా తెలిసిన వస్తువు ఒక్కటి దొరికితే చాలు, మిగతావన్నీ దాని మీద లెక్క కట్టొచ్చు. ఆ జీపుకు 6.00-16 టైర్లు. ఇది నాకు నోటికి వచ్చు, చిన్నప్పుడు పంక్చర్ షాపుకు నేనే దొర్లించుకుంటూ తీసుకుపోయేవాణ్ని. 16 అంటే రిమ్ము అంగుళాల్లో. 6 టైరు వెడల్పు. ఆ పాత రకం టైర్లలో ఎత్తు కూడా దాదాపు వెడల్పంతే ఉంటుంది. కాబట్టి పైన 6, కింద 6, మధ్యలో 16, మొత్తం 28 అంగుళాలు. అంటే 711 మి.మీ.

ఫోటో మీద స్కేలు పెట్టి కొలిచా. ముందు చక్రం ఎత్తు 14 మి.మీ., ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ దాకా 49 మి.మీ. అంటే మూడున్నర రెట్లు. 711ని 3.5తో గుణిస్తే 2488. దాన్ని 24తో భాగిస్తే 104 మి.మీ. దగ్గరికి వస్తుంది. ఫోటో పక్క నుంచి నేరుగా తీసింది కాబట్టి ఈ లెక్క నడిచింది. మూల నుంచి తీసిన ఫోటో అయితే దగ్గరి చక్రం పెద్దగా, దూరపుది చిన్నగా పడుతుంది, లెక్క తప్పుతుంది. అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు డబ్బాలోవి చూద్దాం. యుద్ధపు విల్లీస్ జీపు చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, 1/24లో 85 మి.మీ. నాకు కావాల్సింది 104. బాడీకి 19 మి.మీ. తక్కువ. పికప్ ఛాసిస్ కొలిస్తే 119. అది 15 మి.మీ. ఎక్కువ. జీపును సాగదీయాలి, పికప్‌ను కురచ చేయాలి. గ్యారేజీలో యాక్సిడెంట్ బండికి ఇంకో బండి వెనక భాగం కలిపేది మేము రోజూ చూసే పనే కాబట్టి నాకు భయం అనిపించలేదు. రెండింటికీ కింద నిచ్చెన లాంటి ఫ్రేమే ఉండటం కూడా కలిసొచ్చింది.

కోసే ముందు రెండు వైపులా పేపర్ టేపు అంటించి దాని మీద గీత గీయండి. మామూలు హాక్సా బ్లేడు పళ్లు పెద్దవి, ప్లాస్టిక్‌ను చీల్చేస్తుంది. సన్న పళ్ల రంపం కావాలి. బాడీని ముందు సీటు వెనక కోశాను. అక్కడైతే తర్వాత బెంచీ సీట్లు వచ్చి అతుకు సగం దాగుతుంది. మధ్యలో 19 మి.మీ. ముక్క పికప్ తొట్టి గోడలోంచి వచ్చింది. లోపలి వైపు ప్రతి అతుకు మీద ఒక పట్టీ వేయాలి. అది లేకపోతే ఎప్పుడో ఒకరోజు చేతిలో రెండు ముక్కలవుతుంది.

జిగురు గురించి కొంచెం ఎక్కువ చెప్తా, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. మోడల్ సిమెంటు అనే పల్చటి జిగురు దాన్ని కొద్దిగా కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ఫెవిక్విక్ లాంటివి కరిగించవు, మధ్యలో గట్టిపడి పట్టుకుంటాయి అంతే. పక్కకు దెబ్బ తగిలితే ఊడిపోతాయి. అందుకే బరువు మోసే అతుకులకు మోడల్ సిమెంటు, చిన్నవాటికి ఫెవిక్విక్. అదనంగా రేకు కావాలంటే షాపుకు పోనక్కర్లేదు. పెరుగు కప్పుల అడుగున త్రికోణంలో 6 అని ఉంటే అది పాలీస్టైరీనే, మోడల్ సిమెంటుతో అతుకుతుంది. 5 ఉంటే వదిలేయండి. పాత ఏటీఎమ్ కార్డు పీవీసీ. బాగా గట్టిది, కానీ దానికి ఫెవిక్విక్కే వాడాలి.

ముందు జాలీ దగ్గర తప్పు చేయబోయి ఆగాను. యుద్ధపు విల్లీస్ జాలీకి తొమ్మిది నిలువు గాట్లు ఉంటాయి. ఫోటోలో బాపు జీపుకు లెక్కపెడితే ఏడు. 1947లో విల్లీస్ జీపుల్నే బొంబాయిలో బిగించి మహీంద్రా వాళ్లు మొదలుపెట్టారు. అయినా యుద్ధం తర్వాత పౌరులకు అమ్మిన జీపులకు గాట్లు ఏడే, మన దగ్గర తిరిగింది ఆ వంశమే. చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి రోజూ పొద్దున ఆ జాలీ తుడిచిన మనిషికి చూపించాలి కదా. పాతది కోసేసి పెరుగు కప్పు రేకుతో ఏడు గాట్లది చేశా. నాలుగోసారికి వంకర లేకుండా వచ్చింది.

టైర్లు మూడే ఉన్నాయి. కావాల్సింది స్టెప్నీతో కలిపి ఐదు. గ్యారేజీలో 30 మి.మీ. రబ్బరు ఓ-రింగులు ఉన్నాయి, రెండేసి పక్కపక్కన అంటించి రిమ్ముకు ఎక్కించా. వాటికి గాట్లు ఉండవు. మా బాపు వెనక టైర్లు కూడా ఎప్పుడూ నున్నగా అరిగినవే! అందుకే వాటిని వెనక్కి వేశా. ఇంజను పెట్టలేదు. డబ్బాలో ఉన్నది ఎనిమిది సిలిండర్ల అమెరికన్ ఇంజను, బాపుది నాలుగు సిలిండర్ల డీజిల్. తప్పు ఇంజను చూపించేకంటే బానెట్ అతికించేయడం నయం.

టాపుకు కింద ఊచలు కావాలి. కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తికి కొంచెం పైన పట్టుకుని, మెత్తబడగానే పక్కకు తీసి రెండు వైపులా మెల్లగా లాగితే దారంలా సాగుతుంది. మెల్లగా లాగితే లావు, గబుక్కున లాగితే సన్నం. పైన టార్పాలిన్‌కు టిష్యూ పేపరు, నీళ్లు కలిపిన ఫెవికాల్. ఆరాక నిజం గుడ్డలాగే ముడతలు పడి గట్టిపడుతుంది.

అతుకుల మీద లప్పం పెట్టి, ఆరాక 400, తర్వాత 800 ఎమ్రీ పేపరుతో తడిపి రుద్దండి. తడిపితే దుమ్ము లేవదు, రూమ్‌మేట్లు తిట్టరు. ప్రైమర్ కొట్టేదాకా బాడీ మూడు రంగుల అతుకుల బొంతలా ఉంటుంది. కొట్టాక ఒకే బండి అవుతుంది, తప్పులన్నీ కూడా అప్పుడే కనిపిస్తాయి. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఇన్నేళ్లు పెయింటర్‌గా చేసిన గర్వంతో, గ్యారేజీలో కార్లకు వాడే థిన్నర్ కలిపి బానెట్ మీద కొట్టా. రేకు మీద కొట్టేది ప్లాస్టిక్ మీద కొడితే ఏమవుతుంది? రెండు నిమిషాల్లో బానెట్ ఎండిన నిమ్మతొక్క అయింది. ఇంకో బానెట్ కప్పు రేకులతో చేయడానికి మూడు శుక్రవారాలు పట్టింది. ప్లాస్టిక్ మోడల్ ప్రైమరే తీసుకోండి, పల్చగా మూడు నాలుగు పొరలు కొట్టండి. పై రంగుకు నీళ్లతో కలిసే అక్రిలిక్ మంచిది.

రూమ్ సంగతి. ఆరుగురు పడుకునే రూమ్‌లో స్ప్రే కొట్టొద్దు, కొవ్వొత్తి వెలిగించొద్దు, జిగురు సీసా మూత తీసి పెట్టొద్దు. ఆవిరి అంటుకుంటుంది. నేను ఈ మూడు పనులూ శుక్రవారం గ్యారేజీ షట్టరు బయటే చేశా. రూమ్‌లో రుద్దడం, కొలవడం, బ్రష్షుతో రంగు వేయడం వరకే. సెలవుకు పోయేటప్పుడు స్ప్రే డబ్బా, మోడల్ సిమెంటు విమానంలో ఏ బ్యాగులోనూ ఒప్పుకోరు. కట్టర్ బ్లేడు ఉంటే లగేజీలో వేయాలి. బొమ్మను మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోండి. బబుల్ ర్యాపు నేరుగా చుడితే అద్దాలు, వైపర్లు ఊడతాయి. నేను కింద నుంచి రెండు స్క్రూలతో చెక్క ముక్కకు బిగించి, ఆ చెక్కను ఖర్జూరాల డబ్బా అడుగున కదలకుండా అతికించా. ఎయిర్‌పోర్టులో మెషీన్ దగ్గర ఒకతను తీయమన్నాడు, చూసి ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించాడు.

చివరగా ముందు అద్దం మీద సన్న బ్రష్షుతో కొండగట్టు అంజన్న పేరు రాశా. బంపరు కింద దారంతో నిమ్మకాయ, మిరపకాయలు. మొత్తం ఏడు నెలలు, వంద దిర్హాముల లోపు ఖర్చు.

ఇంట్లో అన్నం తిన్నాక డబ్బా బాపు ముందు పెట్టా. చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత అద్దాలు తెచ్చుకుని, చెక్కకున్న స్క్రూలు విప్పమన్నాడు. తిరగేసి కింద చూశాడు. చక్రం వేలితో తిప్పాడు. జాలీ మీద గోరు పెట్టి ఒక్కొక్క గాటూ లెక్కపెట్టాడు. అమ్మ తలుపు దగ్గరే నిలబడింది.

"వెనక టైర్లు గిట్లనే ఉండె," అన్నాడు. కొంచెం ఆగి, "డీజిల్ ట్యాంకు మూత మర్సినవ్ రా. డ్రైవర్ దిక్కు ఉంటది. అది లేకుంటే వానకాలం నీళ్లు వోతయ్."

ఆ రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండు దాకా ఆ జీపు గురించి చెప్పాడు. మొదటి రోజు కిరాయి ఎంత వచ్చిందో, మెట్‌పల్లి దగ్గర యాక్సిల్ విరిగిన రాత్రి ఎవరింట్లో పడుకున్నాడో, కొన్నతను ఏ రంగు వేయించాడో, అన్నీ. అమ్మిన రోజు సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

తిరిగొచ్చాక డబ్బాలో మూత కోసం వెతికా. అమెరికన్ ఇంజను మీద ఆయిల్ పోసే చోట గుండ్రటి మూత ఒకటుంది. అది 1/25. మూతకు ఆ తేడా ఎవరికీ తెలియదు. కోసి, చిన్న కవర్లో వేసి, పాస్‌పోర్టు జెరాక్సులు పెట్టే ఫైల్లో పెట్టుకున్నా. వచ్చే సెలవుకు తీసుకుపోవాలి.