కొత్త కెమెరా మళ్లీ అంగడికి ఎందుకు వస్తోంది?

ఇటీవల కడపకు చెందిన ఒక పరిచయస్తులు ఒక సందేహంతో మా వద్దకు వచ్చారు. ఆయన కుమారుడు డిగ్రీ ముగించి, రెండేళ్లుగా పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఒకరి వద్ద సహాయకునిగా పనిచేస్తున్నాడు. ఇక సొంతంగా పని మొదలుపెట్టాలన్నది అతని కోరిక. పక్క పట్టణంలో ఒక ఫొటోగ్రాఫర్ తాను కొని పది నెలలైనా నిండని కెమెరాను అమ్మకానికి పెట్టారు. పెట్టె, బిల్లు, చార్జరు అన్నీ ఉన్నాయి. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. ధర మాత్రం కొత్తదానికంటే బాగా తక్కువ.

“బాగున్న వస్తువును ఎవరైనా ఏడాది తిరగకముందే అమ్ముకుంటారా? ఇందులో ఏదో మోసం ఉంది” అన్నది తండ్రి వాదన. “అబ్బా, ఈ వృత్తిలో ఇది మామూలే. చాలామంది ఇలాగే అమ్ముతారు” అన్నది కొడుకు సమాధానం. వారు వెచ్చించదలచినది తేలికగా వచ్చిన సొమ్ము కాదు. కొడుకు తన కాళ్లపై తాను నిలబడితే చాలునని ఆ తల్లి తన గాజులు అమ్మి ఇవ్వడానికి సిద్ధపడింది.

తండ్రి అనుమానంలో న్యాయం ఉంది. కొడుకు మాటలోనూ నిజం ఉంది. నేడు సెకండ్‌హ్యాండ్ కెమెరాలు అమ్మే ఏ దుకాణానికి వెళ్లినా దాదాపు కొత్తవిగా కనిపించే కెమెరాలు ఎదురవుతాయి. యువకులు ఎందరో ఫొటోగ్రఫీని జీవనోపాధిగా ఎంచుకుంటున్న ఈ రోజుల్లో, అవి అక్కడికి ఎందుకు చేరుతున్నాయో ప్రతి కుటుంబమూ తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

నాడు ఫిల్ము మారేది, నేడు కెమెరా మారుతోంది

మన పెద్దలు ఎరిగిన ఫిల్ము కెమెరాలు దశాబ్దాల తరబడి ఒకే చేతిలో ఉండేవి. పెంటాక్స్ కె1000 అనే కెమెరా 1976లో వెలువడి 1997 వరకు, అంటే 21 సంవత్సరాలపాటు దాదాపు అదే రూపంలో అమ్ముడుపోయింది. ఇందుకు కారణం సులభమైనదే. చిత్రపు నాణ్యత ప్రధానంగా లెన్సుపైనా, ఫిల్ముపైనా ఆధారపడి ఉండేది. మెరుగైన ఫిల్ము మార్కెట్లోకి వస్తే ఒక రోలు కొని పాత కెమెరాలోనే వేసుకునేవారు. కెమెరా మార్చవలసిన పని ఉండేది కాదు.

డిజిటల్ కెమెరాలో ఫిల్ము స్థానాన్ని సెన్సరు ఆక్రమించింది. దానిని కెమెరా లోపలే శాశ్వతంగా అమర్చుతారు. మెరుగైన సెన్సరు కావాలంటే కెమెరానే మార్చవలసి వస్తుంది. పైగా చిత్రాన్ని రూపొందించే ప్రాసెసరు, కంటిని గుర్తించి దృష్టిని దానిపై నిలిపే ఆటోఫోకస్ వంటివన్నీ ఆ యంత్రంలో భాగమే. ఈ కారణంగా కంపెనీలు వెంటవెంటనే కొత్త నమూనాలను విడుదల చేయగలుగుతున్నాయి. సోనీ కంపెనీ ఏ7 కెమెరాను 2013లో ప్రకటించి, దాని రెండవ తరాన్ని 2014లోనే ప్రకటించింది. అదే కంపెనీ ఏ7ఆర్ శ్రేణిలో 2013 నుండి 2022 వరకు 5 తరాలు వచ్చాయి.

కొత్త తరం రాగానే పాత తరం ధర పడిపోతుంది. ఈ సంగతి ఎరిగిన వృత్తిదారులు తమ కెమెరా ఇంకా మంచి ధర పలుకుతుండగానే అమ్మివేస్తారు. అది చెడిపోయినందువల్ల కాదు, రేపు మరింత తక్కువకు అమ్ముకోవలసి వస్తుందన్న భయంవల్ల అమ్ముతారు.

పనికి సరిపడని మంచి కెమెరా

కొన్ని కెమెరాలు ఎంత మంచివైనా కొన్నవారి పనికి సరిపడవు. 2018లో కానన్ ఇఒఎస్ ఆర్, నికాన్ జడ్6, జడ్7 కెమెరాలు విడుదలయ్యాయి. చిత్రాల నాణ్యతలో వాటికి పేరు వచ్చింది. అయితే ఆ మూడింటిలోనూ మెమొరీ కార్డుకు ఒక్కటే స్థానం ఉండేది. ప్రకృతి దృశ్యాలు తీసేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. పెళ్లిళ్లు తీసేవారి పరిస్థితి వేరు. కార్డు పాడైతే ఆ చిత్రాలు మళ్లీ దొరకవు. నికాహ్ వేళ వధూవరుల అంగీకారం, కూతురిని సాగనంపే తండ్రి కన్నీరు ఫొటో కోసం మరోసారి జరగవు. ఒకే చిత్రాన్ని ఏకకాలంలో రెండు కార్డులపై నమోదు చేసే కెమెరాను వారు కోరుకోవడం ఇందుకే. నికాన్ 2020లో తెచ్చిన జడ్6 రెండవ తరంలో రెండు కార్డులకు చోటు కల్పించింది.

మరొక కారణం లెన్సును కెమెరాకు బిగించే మౌంటు. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది. కానన్ ఇఎఫ్ మౌంటు 1987లో వచ్చింది. ఈ రెండు కంపెనీలూ 2018లో మిర్రర్‌లెస్ కెమెరాల కోసం కొత్త మౌంటులను ప్రవేశపెట్టాయి. అడాప్టరు సాయంతో పాత లెన్సులు వాడుకోవచ్చు. అయినా కొత్త లెన్సులన్నీ కొత్త మౌంటుకే వస్తుండటంతో ఎందరో తమ డీఎస్ఎల్ఆర్ కెమెరాలను, లెన్సులను కలిపి అమ్మివేశారు. వాటిలో ఏ లోపమూ లేనివి, ఇంకా ఎన్నో ఏళ్లు పనిచేయగలవి చాలా ఉన్నాయి.

పనిలేని నెలలు, ఆగని వాయిదాలు

తెలుగు నేలపై పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఆదాయం ఏడాది పొడవునా ఒకే రీతిగా ఉండదు. ఆషాఢ మాసంలోనూ, మూఢాల రోజుల్లోనూ హిందూ సోదరుల ఇళ్లలో పెళ్లిళ్లు జరగవు. రంజాన్ నెలలో మన ఇళ్లలోనూ నికాహ్‌లు అరుదే. పని లేదు కదా అని నెలసరి వాయిదా మాత్రం ఆగదు. అప్పు చేసి లక్షల రూపాయల కెమెరా కొన్న యువకుడు రెండు మూడు నెలలు ఆదాయం లేకపోతే మొదట అమ్మేది ఆ కెమెరానే.

‘సున్నా వడ్డీ’ అన్న ప్రకటన చూసి కొందరు ధైర్యంగా వాయిదాల్లోకి దిగుతారు. సున్నా వడ్డీ అనేదే ఉండదని, వడ్డీని వేరే రుసుముల మాటున దాచరాదని భారతీయ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబాలు ఇటువంటి పథకాల షరతులను పూర్తిగా చదవకుండా సంతకం చేయరాదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. లక్షా 80 వేల రూపాయలకు కొన్న కెమెరాను ఎనిమిది నెలల తర్వాత లక్షా 30 వేలకు అమ్మారని అనుకుందాం. నష్టం 50 వేలు. ఈలోగా దానితో పది శుభకార్యాలు తీసి ఉంటే ఒక్కొక్క కార్యానికి కెమెరా ఖర్చు 5 వేలు పడినట్లు. యాభై కార్యాలు తీసి ఉంటే వెయ్యి మాత్రమే. ఎక్కువ పని ఉన్నవారికి ఈ అమ్మకం వ్యాపారంలో భాగం. పని లేనివారికి అదే దెబ్బ. కెమెరాలు అద్దెకు ఇచ్చేవారు మన నగరాల్లో ఉన్నారు. పని నిలదొక్కుకునే వరకు అద్దెకు తెచ్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

అల్మారాలో మిగిలిపోయేవి

వృత్తితో సంబంధం లేనివారు అమ్మే కెమెరాల కథ వేరు. బిడ్డ పుట్టిన సంతోషంలోనో, హజ్, ఉమ్రా ప్రయాణానికి ముందో, సెలవుల్లో విహారయాత్ర కోసమో ఒక మంచి కెమెరా కొంటారు. నికాన్ డీ850 బరువు బ్యాటరీతో కలిపి సుమారు ఒక కిలో. దానికి పెళ్లిళ్లలో వాడే 24-70 లెన్సు బిగిస్తే రెండు కిలోలు దాటుతుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న తల్లిదండ్రులు దానిని ఎన్నాళ్లు మోయగలరు? జేబులోని ఫోను చాలుననిపిస్తుంది. కెమెరా అల్మారాలోకి చేరుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర పట్టణాల గాలిలోని తేమకు, మూసి ఉంచిన లెన్సులో బూజు పట్టడం తరచు జరిగేదే.

ఇంకొందరిని నడిపించేది ఆశ. తాము మెచ్చిన ఛాయాచిత్రం ఏ కెమెరాతో తీసినదో తెలుసుకొని అదే కొంటారు. వెలుతురును గమనించడం, తగిన క్షణం కోసం వేచి ఉండటం, మనుషులను కంగారు పెట్టకుండా దగ్గరకు వెళ్లడం ఆ పెట్టెలో రావు. ఆరు నెలలు గడిచినా చిత్రాలు మునుపటిలాగే ఉంటే నెపం కెమెరాపైకి నెట్టి, దానిని అమ్మి, ఇంకా ఖరీదైనది కొంటారు. కొంతకాలానికి దాని గతీ అంతే.

మెగాపిక్సెళ్ల విషయంలో ఈ భ్రమ స్పష్టంగా కనిపిస్తుంది. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు గల ఆల్బమ్ పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి సుమారు ఒక కోటి 94 లక్షల చుక్కలు కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 2 కోట్ల 40 లక్షల చుక్కలను ఇస్తుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ తెరపై ఉండేవి సుమారు 21 లక్షలు మాత్రమే. 45 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కొక్క రా చిత్రం సుమారు 50 ఎంబీ ఉండవచ్చు. మూడు వేల చిత్రాలంటే 150 జీబీ. వాటిని దాచే డిస్కులకూ, తెరవగల కంప్యూటరుకూ మళ్లీ ఖర్చు. ఆ భారం తట్టుకోలేక కెమెరాను వదిలించుకునేవారూ ఉన్నారు.

కొనేముందు గమనించవలసినవి

పైన చెప్పిన కారణాలేవీ కెమెరాలోని లోపాన్ని సూచించవు. అయితే లోపాన్ని దాచి అమ్మేవారూ ఉంటారు కనుక పరీక్ష తప్పదు.

మొదటగా తేదీని కాక, వాడకాన్ని చూడాలి. ఫొటో తీసినప్పుడల్లా తెరుచుకొని మూసుకునే షట్టరుకు కంపెనీలు ఒక పరీక్షా పరిమితిని ప్రకటిస్తాయి. కానన్ 5డీ నాలుగవ తరానికి అది లక్షా 50 వేలు. నికాన్ డీ850కి 2 లక్షలు. ఒక్కొక్క పెళ్లికి మూడు వేల చిత్రాలు తీస్తే యాభై పెళ్లిళ్లకే లక్షా 50 వేలు పూర్తవుతాయి. చూడటానికి కొత్తగా ఉన్న పది నెలల కెమెరా లోపల ముసలిదై ఉండవచ్చు. ఈ లెక్క కొన్ని కెమెరాల్లో చిత్రంతోపాటే నమోదవుతుంది. మిగిలినవాటికి సర్వీసు కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు.

రెండవది సెన్సరు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్16 వద్ద ఉంచి తెల్లని గోడనో, నిర్మలమైన ఆకాశాన్నో ఫొటో తీసి పెద్దది చేసి చూడాలి. మసక మచ్చలు కనిపిస్తే అవి తరచు శుభ్రం చేస్తే పోయే ధూళి. రంగు గీతలు, కదలని వెలుగు చుక్కలు కనిపిస్తే జాగ్రత్తపడాలి. వేడుకల వేదికలపై వాడే లేజరు దీపాల కిరణం నేరుగా తగిలితే సెన్సరు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

మూడవది పత్రాలు. బిల్లుపై ఉన్న సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా అని సరిచూడాలి. బిల్లు లేని కెమెరా దొంగసొత్తు కావచ్చు. విదేశం నుండి తెచ్చినదైతే ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. లెన్సులోకి టార్చి వెలుగు వేసి బూజు ఉన్నదేమో చూడాలి. ప్రతి బటను, ప్రతి కార్డు స్థానం పనిచేస్తున్నదో లేదో అక్కడికక్కడే పరీక్షించాలి.

అన్నిటికంటే ముందు అమ్మేవారిని నేరుగా అడగాలి: “మీరు దీనిని ఎందుకు అమ్ముతున్నారు?” సమాధానం వచ్చాక, ఆ కారణం తమకూ వర్తిస్తుందా అని కొనేవారు తమను తాము ప్రశ్నించుకోవాలి.

గాజులు మిగిలాయి

ఆ తండ్రీకొడుకులు అదే చేశారు. అమ్మే ఫొటోగ్రాఫర్ నిజాయితీపరుడు. “కెమెరాలో దోషం లేదండీ. దీనికి ఒక్క కార్డే పడుతుంది. ఒక పెళ్లిలో కార్డు మొరాయించి తలంబ్రాల ఫొటోలన్నీ పోయాయి. ఆ అమ్మాయి తల్లికి ముఖం చూపించలేకపోయాను. అందుకే రెండు కార్డులది తీసుకున్నాను” అన్నారు. ఆ మాట చెబితే బేరం పోవచ్చునని ఆయనకు తెలుసు. అయినా దాచలేదు. తండ్రి కొడుకు వైపు చూసి, “బేటా, నువ్వు తీయబోయేదీ పెళ్లిళ్లే కదా?” అని మాత్రం అడిగారు.

వారు ఆ కెమెరా కొనలేదు. కొద్ది వారాల తర్వాత, మిర్రర్‌లెస్‌కు మారిన మరో ఫొటోగ్రాఫర్ వద్ద రెండు కార్డులు పట్టే పాత డీఎస్ఎల్ఆర్ దొరికింది. కొని ఐదేళ్లయినా దాని షట్టరు లెక్క పరిమితిలో నాలుగవ వంతు కూడా దాటలేదు. అది మొదటిదానికంటే ఎంతో చవక. మిగిలిన సొమ్ముతో ఒక మంచి లెన్సు, ఒక ఫ్లాషు కొన్నారు. తల్లి గాజులు అమ్మవలసిన అవసరం రాలేదు.

మన పాఠకుల్లో కెమెరా కొనబోయేవారూ, అమ్మబోయేవారూ ఉంటారు. కొనేవారు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదని, అమ్మేవారు అడగకముందే నిజం చెప్పాలని మా విన్నపం. ఆ ఫొటోగ్రాఫర్ ఒక బేరాన్ని వదులుకున్నారు. తన మొదటి నికాహ్ ఫొటోలు తీయడానికి వెళ్లే ముందు కార్డులు ఎలా భద్రపరచాలో అడగడానికి ఆ కుర్రవాడు వెళ్లింది మాత్రం ఆయన వద్దకే.