ముల్లు మీద పావలా

మా ఇంట్లో ఓ పాటల పెట్టె ఉండేది. మూత తీస్తే రికార్డు ప్లేయరు. మూతలోనే స్పీకరు. క్యాసెట్ల కాలం వచ్చేసినా వేసవి సెలవుల్లో నాన్న దాన్ని అటక మీంచి దించేవారు. ఆయన కొన్న ఘంటసాల ఎల్పీలో రెండోవైపు మూడో పాట అంటే అందరికీ ప్రాణం. సరిగ్గా అక్కడే ముల్లు ఎగిరిపడేది. అన్న మాటే మళ్లీ మళ్లీ వినిపించేది. దానికి నాన్న కనిపెట్టిన వైద్యం... ముల్లుండే తల మీద ఓ పావలా పెట్టడం! పాట ఆగకుండా సాగిపోయేది. ఆ పావలా 2011లో చలామణీ నుంచే పోయింది. అది చేసిన పని మాత్రం రికార్డు మీద మిగిలింది.

ఆ సంగతి తెలిసింది మొన్నీమధ్య, హైదరాబాద్‌లో ఓ విశ్రాంత ఇంజినీరు ఇంట్లో. ఉద్యోగరీత్యా బ్రిటన్‌లో ఉన్నప్పుడు 1980ల్లో ఆయన కొనుక్కున్న టర్న్‌టేబుల్ ఇప్పటికీ రోజూ తిరుగుతోంది. పేరు లిన్ సోండెక్ ఎల్పీ12. చూస్తే చెక్క చట్రంలో నల్లటి పళ్లెం, పక్కన సన్నటి చేయి. మీటలు, మెరుపు లైట్లు ఏమీ లేవు. ఇందులో అంత గొప్పేముంది?

‘ఇది చేసేదేమీ లేదమ్మా. చప్పుడు చేయకుండా ఉండటమే దీని పని’ అన్నారాయన.

అర్థం కావాలంటే గాడిలోకి దిగాలి. ఎల్పీ మీద గాడి మన వెంట్రుక మందం కూడా ఉండదు. స్టీరియో రికార్డయితే ఆ గాడికి ఒక గోడ మీద ఎడమ స్పీకరు పాట, రెండో గోడ మీద కుడి స్పీకరు పాట. వజ్రపు ముల్లు ఆ గోడల్ని రాసుకుంటూ పోతే పుట్టే విద్యుత్తు వోల్టులో కొన్ని వేలవ వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. స్పీకరు దాకా చేరేసరికి అది వేల రెట్లు పెరగాలి. దాంతోపాటే మోటారు వణుకు, బేరింగు గరగర, పక్కగదిలో అడుగుల చప్పుడు కూడా పెరిగిపోతాయి. అందుకే ఎల్పీ12లో పళ్లాన్నీ చేతినీ ఒకే చట్రానికి బిగించి, దాన్ని మూడు స్ప్రింగుల మీద తేలేట్టు అమర్చారు. మోటారుకీ పళ్లానికీ మధ్య ఉన్న బంధం ఒక్క రబ్బరు బెల్టే.

గ్లాస్గోకు చెందిన ఐవర్ టీఫెన్‌బ్రూన్ 1973లో లిన్ కంపెనీ పెట్టే నాటికి మంచి పాటంటే మంచి స్పీకర్లేనని అందరి నమ్మకం. ముల్లు దగ్గర పోయిన పాటను ఎంత ఖరీదైన స్పీకరూ వెనక్కి తేలేదని ఆయన వాదించాడు. బావిలో లేనిది చేదలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇదే సమయంలో జపాన్‌వాళ్లు బెల్టే వద్దని, మోటారు మీదే పళ్లెం తిప్పారు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అలా 1972లో వచ్చి డీజేల చేతికి ఆయుధమైంది. 2010లో ఆపేసినా, 2016లో మళ్లీ తేక తప్పలేదు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చమంటే పెద్దాయన కాఫీ చల్లారిపోతోందన్నారు!

ఎల్పీ12లో మరో సౌకర్యం, పాతదాన్ని పారేయక్కర్లేదు. 1990లో వచ్చిన లింగో పవర్ సప్లై, 2020లో వచ్చిన కరౌసెల్ బేరింగు... రెండూ పాత టర్న్‌టేబుల్‌కే అమరిపోయాయి. ‘1980ల నాటిదంటారు గానీ, లోపల ఆనాటిది ఏం మిగిలిందండీ?’ అని వాళ్లావిడ ప్రశ్న. ‘చెక్క’ అన్నది ఆయన జవాబు.

ఖరీదంటారా? అన్ని హంగులతో కొంటే ఇరవై వేల పౌండ్లు దాటుతుంది. యాభయ్యేళ్ల పండుగకని 2023లో ఐఫోన్ రూపశిల్పి జోనీ ఐవ్ సంస్థతో కలిసి 250 మాత్రమే చేసిన ప్రత్యేక మోడల్ ఒక్కోటి 50,000 పౌండ్లు. అంటే అరకోటి పైమాటే! పాట వినడానికి అంత అక్కర్లేదు. మామూలు టర్న్‌టేబుల్ అయినా సరే, ముల్లు బరువు సరిచేసుకునే వీలుందో లేదో చూసుకుంటే చాలు.

ఆ ఇంట్లో పాట వినడమూ ఓ తంతే. ముందు ఫ్యాను కట్టేస్తారు, దుమ్ము లేవకుండా. అంచులు పట్టుకుని రికార్డు తీసి, మెత్తటి బ్రష్షుతో తుడుస్తారు. పరుగెత్తుకొచ్చిన మనవడు గుమ్మం దగ్గర ఆగి, మునివేళ్ల మీద లోపలికొచ్చాడు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. నచ్చని పాటను దాటేయడానికి రిమోటేమీ ఉండదు.

నాన్న ఎల్పీ ఆయన చేతిలో పెట్టాను. భూతద్దంతో చూశారు. ‘దీని మీద ఏం పెట్టారు?’ చెప్పక తప్పలేదు. ఆయన ముల్లు మోపే బరువు రెండు గ్రాముల లోపు. ఒక్క పావలా బరువే రెండున్నర గ్రాములు! మా పెట్టె ముల్లు అసలు బరువుకు అది అదనం.

కడిగి ఆరబెట్టి వేశారు. మొదటివైపు పాటలు నిన్ననే అచ్చయినంత బాగున్నాయి. ఘంటసాల ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. ఇన్నేళ్లలో అది నేనెప్పుడూ వినలేదు. రెండోవైపు మూడో పాట రాగానే గొంతు గరుకెక్కింది. మేం పట్టించుకోని పాటలన్నీ భద్రంగా ఉన్నాయి. ఇష్టపడి పదిసార్లు వేయించుకున్న పాటే అరిగింది. పాత గుండ్రటి ముల్లు రాయని చోటును ఈ సన్నటి ముల్లు తాకుతుంది కాబట్టి ఆ మాత్రమైనా దక్కిందట. ముల్లు ఎగిరిపడే చోట మాత్రం ‘టప్’మని చిన్న చప్పుడు. అంతే, పాట ముందుకెళ్లిపోయింది.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను.

‘ఎగరకుండా పాడిందా?’

‘పాడింది నాన్నా.’

‘పావలా పెట్టారా మరి?’ అన్నారు.