బీరువా తలుపు తెరిచిన బడులు

మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలలో ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో పరీక్షనాళికలు, ఒక స్పిరిటు దీపం, రెండు దండాయస్కాంతాలు, ఒక భూతద్దం ఉండేవని మాకు తెలుసు. ఏడాదికి ఒకసారి ఇన్‌స్పెక్టరుగారు వచ్చే ముందురోజున వాటిని బయటికి తీసి, దుమ్ము తుడిచి, స్టాకు రిజిస్టరుతో సరిచూచి, తిరిగి లోపల పెట్టి తాళం వేసేవారు. మా మాస్టారు చెడ్డవారు కారు. ఒక నాళిక పగిలితే దాని ఖరీదు తన జీతంలోనుంచి పోతుందేమోనన్న బెంగ ఆయనది. అందుచేత అయస్కాంతపు ధర్మాలను మేము నల్లబల్లమీద సుద్దముక్కతోనే నేర్చుకొన్నాము. సజాతి ధ్రువాలు వికర్షించుకొంటాయని కంఠస్థం చేసి మార్కులు కూడా తెచ్చుకొన్నాము. ఆ వికర్షణ వేళ్లకు ఎలా తగులుతుందో నాకు తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తరువాత.

ఈ బీరువా ఒక్క మా ఊరిదే కాదు. ఈ దేశంలో బడికి వెళ్లిన వారిలో చాలామందికి అటువంటిదొకటి గుర్తుండే ఉంటుంది. మరి ఆ తలుపు తెరిచి, సామగ్రిని పల్లెటూరి పిల్లల చేతికే ఇస్తే ఏమవుతుంది? ఇది ఊహాగానంతో తేల్చవలసిన ప్రశ్న కాదు. ఒక జిల్లా 30 సంవత్సరాలపాటు ఆ పని చేసి చూపించింది.

16 బడులతో ఆరంభం

ఆ జిల్లా మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్. 2022 నుండి దానిని నర్మదాపురం అంటున్నారు. 1972లో అక్కడి రెండు స్వచ్ఛంద సంస్థలు, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, బన్‌ఖేడీ ప్రాంతంలోని కిశోర్ భారతి, రాష్ట్ర ప్రభుత్వం ముందు ఒక కోరిక ఉంచాయి. 6, 7, 8 తరగతుల విజ్ఞానశాస్త్రాన్ని ప్రయోగాల ద్వారానే బోధించటానికి కొన్ని బడులను అప్పగించమన్నాయి. ప్రభుత్వం 16 బడులకు అనుమతి ఇచ్చింది. కిశోర్ భారతి స్థాపకుడు అనిల్ సద్గోపాల్ బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా ఉండి, ఆ పని వదలి గ్రామసీమకు వచ్చినవారు. టాటా సంస్థనుండి, ఢిల్లీ విశ్వవిద్యాలయంనుండి శాస్త్రజ్ఞులు సెలవుల్లో వచ్చి, మట్టినేల బడుల్లో ఉపాధ్యాయుల పక్కన కూర్చున్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఇవి ఎంపిక చేసిన పిల్లలకోసం కట్టిన ఆదర్శ పాఠశాలలు కావు. మామూలు సర్కారు బడులు; మామూలు ఉపాధ్యాయులు. అందుకే 1978లో ఈ పద్ధతిని జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరింపజేయటం సాధ్యమయింది. 1982లో ఏకలవ్య అనే సంస్థ ఏర్పడి ఈ బాధ్యతను స్వీకరించింది. తరువాతి కాలంలో ఇరుగుపొరుగు జిల్లాలకు కూడా పాకి, ఈ కార్యక్రమం 500కు మించిన బడులకు చేరింది.

జవాబులు లేని పుస్తకం

పిల్లలకు ఇచ్చిన పుస్తకం పేరు ‘బాల్ వైజ్ఞానిక్’, అంటే బాల శాస్త్రవేత్త. ఆ పుస్తకంలో ప్రయోగం ఎలా చేయాలో ఉంటుంది. ఏమి గమనించాలో ప్రశ్నలుంటాయి. జవాబులు మాత్రం ఉండవు. పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని, చేసి, చూచి, తమ నోటుపుస్తకంలో తామే జవాబు రాసుకోవాలి. ఒక జట్టు జవాబు మరొక జట్టు జవాబుతో కలియకపోతే ఇద్దరూ వాదించుకోవాలి, అవసరమైతే ప్రయోగం మళ్లీ చేయాలి.

వానకాలంలో గుంటల్లో జిగురుముద్దల్లా తేలే కప్పగుడ్లను పల్లెటూరి పిల్లవాడు చూడకపోడు. వాటిని ఒక సీసాలోకి తెచ్చి రోజూ చూడమంటే, తోకకప్పకు ముందుకాళ్లు ముందు వస్తాయా, వెనుకకాళ్లు ముందు వస్తాయా అన్నది పుస్తకం చెప్పనక్కరలేదు. వెనుకకాళ్లే ముందు బయటపడతాయి. ఆ సంగతిని పరీక్షకోసం గుర్తుంచుకోవలసిన పనిలేదు. ఒకసారి కళ్లారా చూచినవాడు మరచిపోడు.

ఈగ సంగతి కూడా అంతే. పేడలో పురుగులు వాటంతటవే పుడతాయని పెద్దలు అనటం పిల్లలు వింటూనే ఉంటారు. తాజా పేడను రెండు పాత్రల్లో ఉంచి, ఒకదాన్ని తెరచి, రెండవదానికి ఆదినుంచీ పలుచని గుడ్డ కట్టి చూడండి. ఈగలు వాలిన పాత్రలోనే పురుగులు కనిపిస్తాయి. కొన్నాళ్లకు ఆ పురుగులే కోశస్థ దశ దాటి ఈగలై ఎగిరిపోతాయి. 1668లో ఇటలీ దేశస్థుడు ఫ్రాన్సిస్కో రెడీ మాంసపు ముక్కలతో ఇదే రీతిలో పరీక్షించి, ప్రాచీన కాలంనుండి పాతుకొనివున్న నమ్మకాన్ని కదిలించాడు. బడిలోని 11 ఏళ్ల పిల్ల అదే తర్కాన్ని ఒక పేడకడితో, ఒక పాతగుడ్డతో తిరిగి నడిపిస్తుంది. తాను తినే అన్నంమీద ఈగ ఎందుకు వాలరాదో ఆమెకు ఇక వేరే నీతిపాఠం అక్కరలేదు.

కొలతల పాఠాన్ని చూడండి. ఒకే బల్ల పొడవును పదిమంది కొలిస్తే పది కొలతలూ అచ్చం ఒకే తీరున రావు. మామూలు తరగతిలో ఇది తప్పు. ఎవరి కొలత సరి అయినదో మాస్టారు తీర్పు చెప్పాలి. ఇక్కడ ఆ తేడాయే పాఠం. అది ఎందుకు వస్తున్నది? దాన్ని ఎంతవరకు తగ్గించగలం? నాణెం ఎగరవేసే పాఠంలోనూ ఇదే మర్మం. పదిసార్లు ఎగరవేస్తే ఒకరికి బొమ్మ ఏడుసార్లు, మరొకరికి మూడుసార్లు పడుతుంది. తరగతిలోని 40 మంది లెక్కలూ కలిపి 400 సార్లకు చూస్తే, మొత్తం సగానికి దగ్గరగా వచ్చి నిలుస్తుంది. సంభావ్యత అనే గంభీరమైన మాట వినకముందే దాని స్వభావం పిల్లల కంట పడుతుంది.

అగ్గిపుల్లల ఇంజనీరింగు

1978లో అరవింద్ గుప్తా అనే యువ ఇంజనీరు తన ఉద్యోగానికి ఒక ఏడాది సెలవు పెట్టి ఈ కార్యక్రమంలో పనిచేయటానికి వచ్చాడు. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, లారీలు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తున్నవాడు. పల్లె సంతలో దొరికే వస్తువులతో ఆయన ఒక ఆటవస్తువును రూపొందించాడు. సైకిలు వాల్వుకు తొడిగే సన్నని రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోసి, వాటిలో అగ్గిపుల్లలు గుచ్చటమే దాని కిటుకు.

నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి మూలమీద నొక్కండి. అది పక్కకు ఒరిగి వాలిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం కట్టి నొక్కండి. కదలదు. భుజాల పొడవులు మారనంతవరకు త్రిభుజం కోణాలు మారటానికి వీలులేదు. చతురస్రానికి ఆ కట్టుబాటు లేదు. చతురస్రానికి ఒక కర్ణం కట్టండి, అదీ నిలబడుతుంది, ఎందుచేతనంటే ఇప్పుడది రెండు త్రిభుజాలు. ఈ ఒక్క మాట తెలిసిన పిల్లవాడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు రైలు వంతెనను, విద్యుత్తు స్తంభాన్ని, పూరింటి వాసాలను, ఎడ్లబండి నొగలు కాడివద్ద కలిసే తీరును కొత్త కళ్లతో చూస్తాడు. ఇంజనీరింగు విద్యకు ఇంతకంటె మంచి ప్రవేశద్వారం ఏ భవనంలో ఉన్నది?

ఆయన ప్రచారం చేసిన బొమ్మ మోటారు కూడా అటువంటిదే. ఒక టార్చి సెల్లు, దాని రెండు కొసలకు అమర్చిన రెండు పిన్నీసులు, సెల్లుమీద ఒక అయస్కాంతం, పిన్నీసుల కన్నాల్లో తిరిగే ఎనామెలు పూత ఉన్న రాగితీగ చుట్ట. తీగ ఒక కొసన పూతను చుట్టూ గీకివేయాలి. రెండవ కొసన ఒక్క సగంవైపునే గీకాలి. రెండు కొసలూ పూర్తిగా గీకిన పిల్లవాడి మోటారు ఊగిసలాడి ఆగిపోతుంది. సగం చుట్టులో ముందుకు తోసిన బలమే తక్కిన సగంలో వెనుకకు లాగుతుంది కనుక, ఆ సగంలో కరెంటు ఆగాలి. విఫలమైన మోటారే ఈ సంగతిని నేర్పుతుంది. అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ లభించింది.

ఇన్ని కూడా కొనవలసిన పనిలేదు. మన ఇళ్లలో పసుపు, సున్నం కలిపి పారాణి చేస్తారు. పసుపుపచ్చనిది ఎర్రనిది ఎందుకయింది? అందులో నిమ్మరసం తగినంత పిండితే మళ్లీ పసుపెందుకయింది? పెళ్లికూతురి పాదాలమీద ఉన్నది క్షారమును గుర్తించే సూచిక అని తెలిసిన పిల్ల లిట్మసు కాగితం కోసం బీరువా తాళంచెవి వెదకదు.

గురువుగారి కష్టం

అయితే వస్తువులు చేతికిచ్చినంత మాత్రాన విద్య రాదు. హోషంగాబాద్ అనుభవంలో అత్యంత విలువైన అంశం పరికరాల పెట్టె కాదు. ఉపాధ్యాయుని చుట్టూ కట్టిన ఏర్పాటు. వేసవి సెలవుల్లో మూడు వారాల శిక్షణలో ఉపాధ్యాయులే విద్యార్థులై ప్రతి ప్రయోగాన్నీ తమ చేతులతో చేసేవారు. బడులు తెరిచాక నెలకొకసారి కలిసి, ఏ ప్రయోగం ఎందుకు కుదరలేదో చెప్పుకొనేవారు. వారి అనుభవాలనుబట్టి పాఠాలను దిద్దేవారు. పగిలినవాటి స్థానే కొత్త సామగ్రి సరఫరా చేసే పద్ధతి ఉండేది. నాళిక పగలటం నేరం కానప్పుడే మాస్టారు బీరువా తెరుస్తారు.

అంతకంటె కష్టమైన పని ఒకటున్నది. పిల్లవాడు ఊహించని ప్రశ్న వేసినప్పుడు, “నాకు తెలియదు, చూద్దాం” అనటం. మన సంప్రదాయంలో గురువుకు తెలియనిది ఉండటమే లోటు. ఆ లోటును నలుగురి ముందు ఒప్పుకోవటానికి శాస్త్రజ్ఞానంకంటె ధైర్యం ఎక్కువ కావాలి. పిల్లల ప్రశ్నలు బడి గోడలు దాటిపోయినప్పుడు వాటిని అందుకోవటానికి ‘సవాలీరామ్’ అనే కల్పిత వ్యక్తిని సృష్టించారు. ‘సవాల్’ అంటే హిందీలో ప్రశ్న. పిల్లలు ఆయనకు ఉత్తరాలు రాసేవారు, జవాబులు వచ్చేవి.

పరీక్షలనూ మార్చారు. 8వ తరగతి పరీక్షకు పిల్లలు పుస్తకం, నోటుపుస్తకం వెంట తెచ్చుకోవచ్చు. ప్రయోగ పరీక్ష వేరుగా ఉండేది. కంఠస్థం చేసినవానికి ప్రత్యేకమైన లాభం లేదు. పరీక్ష మారనంతకాలం బోధన మారదన్న సత్యాన్ని ఆ కార్యకర్తలు తొలినాళ్లలోనే గ్రహించారు.

2002లో జరిగినది

ఆక్షేపణలు లేకపోలేదు. ఈ పద్ధతిలో పాఠ్యాంశాలు తక్కువగా వస్తాయని, 9వ తరగతికి వెళ్లిన పిల్లలు సమాచారంలో వెనుకబడతారని కొందరు తల్లిదండ్రులు భయపడ్డారు. ఆ భయాన్ని తేలికగా తీసివేయరాదు. పేద కుటుంబానికి మార్కుల పత్రమే నిచ్చెన. కప్పను చూచిన బిడ్డకు, కప్పగురించి పది వాక్యాలు రాయగల బిడ్డకంటె తక్కువ మార్కులు వస్తే, ఆ తండ్రిని ఎలా తప్పుపట్టగలం? ఆ కొరత బిడ్డది కాదు, కొలిచే కొలబద్దది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ముగించి, రాష్ట్రమంతటా ఒకే పాఠ్యక్రమాన్ని అమలు జరిపింది. 30 ఏళ్ల కృషి ఒక ఉత్తరువుతో ఆగిపోయింది. కాని అక్కడ పుట్టిన ఆలోచన ఆగలేదు. ఏకలవ్య పుస్తకాలు, 1985లో ఆరంభమైన దాని బాలల పత్రిక ‘చక్‌మక్’ ఇతర ప్రాంతాలకు చేరాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువుకు దూరంగా జరగమన్నది. 2009 విద్యాహక్కు చట్టం, కృత్యాలు, అన్వేషణ, ఆవిష్కరణల ద్వారా నేర్చుకోవటాన్ని పాఠ్యక్రమ లక్షణంగా పేర్కొన్నది. 2020 జాతీయ విద్యావిధానం అనుభవపూర్వక విద్యను కోరింది.

తెలుగునాట కూడా ఈ ప్రయత్నం కనబడుతున్నది. మూడు రాష్ట్రాల సరిహద్దున ఉన్న కుప్పంలో, 1999లో స్థాపితమైన అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ కేంద్రాన్ని నిర్మించి, సంచార ప్రయోగశాలలను వాహనాలలో, మోటారు సైకిళ్లపై పల్లె బడులకు పంపుతున్నది. కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పేర 6వ తరగతినుండి పై పిల్లలకు త్రిమితీయ ముద్రణ యంత్రాలవంటి సాధనాలను సమకూరుస్తున్నది.

ఇవన్నీ సంతోషించదగినవే. అయితే యంత్రం ఎంత ఖరీదైనదో దాని తాళం కూడా అంత గట్టిగా పడుతుంది. పాత భయమే కొత్త గదిలోకి ప్రవేశిస్తే, నిన్నటి ఇనుప బీరువా రేపు అద్దాల గది అవుతుంది. అగ్గిపుల్లలకు రిజిస్టరు అక్కరలేదు. అదే వాటి గొప్పతనం.

పాఠకులలో చాలామంది పిల్లల తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు. బడికి వెళ్లినప్పుడు మార్కులు అడగటం మనకు అలవాటు. ఈసారి మరొకటి కూడా అడిగి చూడండి. “మాస్టారూ, ఈ ఏడాది మీ బడిలో ఎన్ని పరీక్షనాళికలు పగిలినాయి?” ఒక్కటీ పగలలేదని ఆయన గర్వంగా చెబితే, తాళంచెవి ఎక్కడున్నదో నెమ్మదిగా విచారించండి. పగిలినవాటి ఖరీదు ఆయన జీతంమీద పడకుండా చూచే పూచీ ఊరివాళ్లదని కూడా చెప్పండి. ఆనాడు మా మాస్టారికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.