వెయిట్ చేస్తున్నామా? కనిపెట్టుకున్నామా?

రైల్వేస్టేషన్‌లో వెయిటింగ్ హాలు, చేతిలో వెయిటింగ్ లిస్టు టికెట్టు, ఫోన్ చేస్తే ‘కాస్త వెయిట్ చెయ్యండి’ అనే జవాబు. ఈ ఇంగ్లిష్ క్రియ మన నోళ్లలో బాగా నలిగింది. అయితే దానికి మనమిచ్చుకున్న అర్థం ఒక్కటే, పనయ్యేదాకా ఊరికే కూర్చోవడం.

ఆ మాట పుట్టుక మాత్రం వేరు. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు దానికి ‘కావలి కాయడం’ అని అర్థం. మేలుకోవడాన్నీ, కాపలానూ తెలిపే ‘వేక్’, ‘వాచ్’ దానికి చుట్టాలే. పూర్వం ఇంగ్లండ్ పట్టణాల్లో రాత్రివేళ వాద్యం ఊదుతూ తిరిగే కావలివారిని ‘వెయిట్స్’ అనేవారు. తర్వాత వారు పట్టణ వాద్యబృందాలుగా మారారు. 1835 నాటి పురపాలక చట్టంతో ఆ కొలువులు పోయినా, క్రిస్మస్ రాత్రుల్లో వీధుల్లో పాడేవారికి ఆ పేరు మిగిలింది. డిసెంబరు చలిలో క్యారల్స్‌కు తిరిగే మన సంఘ యువకులకూ అది తగిన పేరే! హోటల్లో వెయిటర్ కూడా ఈ క్రియ నుంచి వచ్చినవాడే. అతను నిలబడే ఉంటాడు, చూపు మాత్రం మన బల్ల మీదే ఉంటుంది.

తెలుగు బైబిల్ అనువాదకులు దీనికి చక్కని మాట ఎంచుకున్నారు, ‘కనిపెట్టు’ (కీర్తన 27:14). ఈ రోజుల్లో కనిపెట్టడమంటే కొత్త యంత్రాన్ని తయారుచేయడమే అనుకుంటాం గనుక సండేస్కూల్ పిల్లలు తికమకపడితే తప్పు లేదు. కానీ ‘నాన్నను ఆసుపత్రిలో కూతురే కనిపెట్టుకుని ఉంది’ అనే మాట ఇంకా మన ఇళ్లలో వినబడుతూనే ఉంది. ఆ కూతురు ఊరికే కూర్చోలేదు. సెలైన్ అయిపోతుందేమో చూస్తుంది, వేళకు మాత్రలిస్తుంది, రాత్రి ఆయన ఊపిరి సవ్వడి మారితే ఉలిక్కిపడి లేస్తుంది. తెల్లవారడం కోసం చూసే కావలివారితో (కీర్తన 130:6), యజమాని చేతివైపు చూసే దాసులతో (కీర్తన 123:2) కీర్తనకారుడు పోల్చింది ఇలాంటి మెలకువనే.

ఒక్క దరఖాస్తు కూడా పెట్టకుండా ‘ఉద్యోగం కోసం ప్రభువు దగ్గర వెయిట్ చేస్తున్నా’ అనే యువకుణ్ణి, అదే మాట చెప్పి షుగర్ మాత్రలు మానేసిన పెద్దాయన్ను మన సంఘాల్లో చూస్తూనే ఉన్నాం. దీన్ని విశ్వాసమని మెచ్చుకోవడం మనకు తగదు.

దీనికి అవతలి ఒడ్డున సౌలు ఉన్నాడు. గిల్గాలులో సమూయేలు కోసం ఏడు దినాలు ఆగాడు. ఎదుట ఫిలిష్తీయులు, వెనుక చెదిరిపోతున్న సైన్యం. ఆయన భయం అర్థం కానిది కాదు, మనమైనా కంగారుపడేవాళ్లమే. చివరికి తానే దహనబలి అర్పించాడు. అది ముగిసిందో లేదో సమూయేలు రానే వచ్చాడు (1 సమూయేలు 13:8-10). అప్పుడే అతని రాజ్యం నిలవదన్న మాట వెలువడింది. సౌలు ఏడు దినాలూ లెక్కపెట్టాడు, మాట ఇచ్చినవాణ్ణి నమ్మలేకపోయాడు.

యెరూషలేము మేడగదిలో ఉన్నవారికైతే ఆ లెక్క కూడా చెప్పలేదు. తండ్రి వాగ్దానం కోసం కనిపెట్టమన్నాడు ప్రభువు, కొద్ది దినాల్లోనే అన్నాడు, అంతే (అపొస్తలుల కార్యములు 1:4-5). ప్రభువు ఆరోహణమైన నాటినుంచి పెంతెకొస్తు వరకు దాదాపు పది రోజులు. ఆ రోజుల్లో వారు ఏకమనస్సుతో ప్రార్థించారు. ఇంచుమించు నూట ఇరవై మంది కూడి ఉండగా పేతురు లేచి, యూదా వల్ల ఖాళీ అయిన స్థానం సంగతి ఎత్తాడు. ఇద్దరి పేర్లు ముందుకొచ్చాయి. చీట్లు వేశారు. ఆత్మ ఇంకా దిగిరాకముందే పన్నెండో స్థానంలో మత్తీయ ఉన్నాడు.