మీ ఫొటో సూపర్, మరి సైట్‌లో ఎందుకు డల్?

పెళ్లిళ్లు షూట్ చేసేవాళ్లు, ట్రావెల్ ఫొటోలు తీసేవాళ్లు ఇప్పుడు చాలామంది సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటున్నారు. మంచిదే. కానీ పెళ్లివాళ్లకి మీరు లింక్ పంపిస్తే, వాళ్లు ఓపెన్ చేసేది ఫోన్‌లో, మొబైల్ డేటా మీద. ఫొటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతుంటే ఎంతసేపు ఆగుతారు చెప్పండి? బ్యాక్ కొట్టి ఇంకొకరి పేజీకి వెళ్లిపోతారు. ఆ ఆర్డర్ పోయినట్టే. అందుకే ఈరోజు మూడు విషయాలు చూద్దాం.

మొదటిది సైజు. చిన్న లెక్క వేద్దాం. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే సుమారు 6000 బై 4000, మొత్తం 2 కోట్ల 40 లక్షల పిక్సెల్స్. చాలా ఫోన్ల స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెల్సే. దానికి 1200 బై 800 ఫొటో చాలు, అంటే 9 లక్షల 60 వేలు. ఒరిజినల్ అలాగే అప్‌లోడ్ చేస్తే కావలసినదానికి 25 రెట్లు పంపుతున్నాం అన్నమాట! గ్లాసులో బిందెడు నీళ్లు పోస్తే ఏమవుతుంది? నిండాక మిగతాదంతా నేలపాలే. ఇక్కడ నేలపాలయ్యేది మీ కస్టమర్ డేటా.

మరి ఏం చేయాలి? ప్రతి ఫొటోని 800, 1200, 2000 వెడల్పుల్లో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఇమేజ్ ట్యాగ్‌లో సోర్స్‌సెట్ అని ఉంటుంది, అందులో మూడూ రాయండి. పేజీలో ఫొటో ఎంత వెడల్పుగా కనిపిస్తుందో సైజెస్‌లో చెప్పండి. ఏది తెచ్చుకోవాలో బ్రౌజరే చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకి ఇంకా ఈజీ. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి ఈ పని అదే చేసిపెడుతోంది.

రెండోది రంగులు. ఎడిటింగ్‌లో నిగనిగలాడిన ఎర్ర పట్టుచీర సైట్‌లో వెలిసిపోయినట్టుందా? కలర్‌స్పేస్ చెక్ చేయండి. ఫొటో అడోబీ ఆర్‌జీబీలో సేవ్ అయి, మధ్యలో దాని కలర్ ప్రొఫైల్ పోయిందనుకోండి. బ్రౌజర్ దాన్ని మామూలుగా ఎస్ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది. రంగులు చప్పబడిపోతాయి. కాబట్టి వెబ్ కోసం ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్ఆర్‌జీబీ సెలెక్ట్ చేసి, ప్రొఫైల్ ఫైల్‌లోనే ఉంచండి.

మూడోది గెంతులు. ఒక ఫొటో చూస్తుంటే పైన ఇంకోటి లోడై పేజీ ఒక్కసారిగా కిందికి జారిపోతుంది కదా? ఫొటో ఎంత చోటు తీసుకుంటుందో బ్రౌజర్‌కి ముందే తెలియకపోతే అంతే. ఇమేజ్ ట్యాగ్‌లో విడ్త్, హైట్ రాస్తే ఆ నిష్పత్తిని బట్టి ముందే ఖాళీ ఉంచుతుంది. సీఎస్ఎస్‌లో హైట్‌ని ఆటో పెట్టడం మాత్రం మర్చిపోకండి, లేదంటే ఫొటో సాగినట్టు కనిపిస్తుంది. కింద ఉన్న ఫొటోలకి లేజీ లోడింగ్ పెట్టండి, స్క్రోల్ చేసి దగ్గరికి వచ్చాకే లోడవుతాయి. పేజీ తెరవగానే కనిపించే మొదటి ఫొటోకి మాత్రం వద్దు, అది ఇంకా ఆలస్యం అవుతుంది.

ఇవన్నీ చేశాక టెస్ట్ ఎలా? మీ ల్యాప్‌టాప్‌లో, ఇంటి వైఫై మీద చూస్తే అంతా బాగానే ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత ఫోన్ తీసుకోండి, వైఫై ఆపేయండి, ఇన్‌కాగ్నిటోలో మీ సైట్ తెరవండి. మీ కస్టమర్‌కి కనిపించేది అదే. ఎలా వచ్చిందో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, బై!