ఎండుమిర్చి శుద్ధిలో అతినీలలోహిత కాంతి: సాధ్యాసాధ్యాలు

గుంటూరు, ప్రకాశం, ఖమ్మం ప్రాంతాలలో మిరప కోతల కాలంలో కాయను కల్లాలలో ఆరబోసి ఎండబెట్టడం పరిపాటి. నేల మీద ఎండే కాయకు మట్టితోపాటు బాక్టీరియా, బూజు సిద్ధబీజాలు అంటుకొంటాయి. రాత్రి మంచుకో, అకాల వర్షానికో కాయ మెత్తబడినప్పుడు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంద్రం పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. మిరపలో కిలోకు అఫ్లాటాక్సిన్ బి1 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నిర్దేశించింది. పరిమితి దాటిన సరుకు రేవు నుంచే తిరిగి వస్తుంది. ఆ నష్టం వ్యాపారి దగ్గర ఆగదు, మరుసటి కొనుగోలు ధరలో రైతును చేరుతుంది.

ఇథిలీన్ ఆక్సైడ్ ధూపనాన్ని ఐరోపా అనుమతించదు. గామా వికిరణానికి పెద్ద కేంద్రం కావాలి. ఆవిరితో శుద్ధి చేస్తే రంగు, ఘాటు కొంత తగ్గే ప్రమాదం ఉంది. కనుకనే వేడి పుట్టించని, రసాయనిక అవశేషం మిగల్చని అతినీలలోహిత కాంతి వైపు కారం మిల్లుల యజమానులు చూస్తున్నారు. ఈ ఆసక్తి సహజమే. అయితే ఈ కాంతి చేయగల పని ఎంతో ముందు తెలుసుకోవాలి.

అతినీలలోహిత కాంతిలో 200 నుంచి 280 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ‘సి’ భాగం సూక్ష్మజీవ నాశకం. అల్పపీడన పాదరస దీపం ప్రధానంగా 253.7 నానోమీటర్ల కాంతిని వెలువరిస్తుంది. సూక్ష్మజీవి డిఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న థైమీన్ అణువులు ఈ కాంతిని గ్రహించి ఒకదానితో ఒకటి బంధం ఏర్పరచుకొంటాయి. ఫలితంగా డిఎన్‌ఏ ప్రతికృతి నిలిచిపోయి కణవిభజన ఆగుతుంది. కొన్ని జీవులు ఆ తరువాత దృశ్యకాంతి సహాయంతో ఈ లోపాన్ని సరిదిద్దుకొని తిరిగి కోలుకోగలవు కూడా. ఎండలో ఆరబోస్తే సూర్యుడే ఈ పని చేస్తాడన్న అభిప్రాయం ఒకటి ఉంది. సూర్యకాంతిలోని ‘సి’ భాగాన్ని వాతావరణం పూర్తిగా అడ్డుకొంటుంది. కల్లంలో ఎండ చేసే ప్రధానమైన మేలు తేమను తీసివేయడమే.

కాంతి తీవ్రతను కాలంతో గుణిస్తే మోతాదు వస్తుంది. చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీవాట్ తీవ్రత గల కాంతి 60 సెకన్లు పడితే మోతాదు 60 మిల్లీజౌళ్లు. ఇ. కోలై వంటి బాక్టీరియా కొద్ది మిల్లీజౌళ్లకే లొంగుతుంది. ఆస్పర్జిల్లస్ నైగర్ నల్లని సిద్ధబీజాలకు వర్ణకమే కవచం కావడంతో అనేక రెట్లు ఎక్కువ మోతాదు అవసరం. కనుక బాక్టీరియాపై సాధించిన ఫలితాన్ని చూపి బూజుకూ అదే వర్తిస్తుందని చెప్పడం సరికాదు.

అసలు చిక్కు కాయ ఆకృతిలో ఉంది. ఈ కాంతి ఘనపదార్థంలోకి చొచ్చుకుపోదు. తాను నేరుగా తాకిన ఉపరితలం మీదనే పనిచేస్తుంది. ఎండుకాయ నిండా ముడతలే. తొడిమ కింద, మడతల లోపల, ఒక కాయ మీద పడిన మరో కాయ నీడలో ఉన్న సూక్ష్మజీవి క్షేమంగా ఉంటుంది. బూజు తరచుగా కాయ లోపల గింజలను, వాటిని పట్టి ఉంచే తెల్లని కండను ఆశ్రయిస్తుంది. అక్కడికి ఏ దీపమూ చేరదు. పొడి చేస్తే లోపలి భాగం బయటపడుతుంది కదా అనుకోవచ్చు. కానీ అప్పుడు ప్రతి రేణువూ పక్క రేణువుకు నీడ అవుతుంది. కదిలే పట్టీ మీద అతి పలుచని పొరగా పోసి, కంపనంతో తిరగవేస్తూ పోతే తప్ప ప్రయోజనం ఉండదు. అలా చేసినా ఎక్కువసేపు కాంతికి గురైన కారంలో ఎరుపుకు మూలమైన కెరోటినాయిడ్లు క్షీణిస్తాయి. రంగును బట్టి ధర పలికే సరుకుకు ఇది చిన్న నష్టం కాదు.

మరొక విషయం మరువరాదు. సిద్ధబీజాన్ని చంపినంత మాత్రాన అది అప్పటికే విడుదల చేసిన అఫ్లాటాక్సిన్ పోదు. ఆ విషాన్ని ఈ కాంతి కొంతవరకు విచ్ఛిన్నం చేయగలదు. అయితే కాయ లోపల దాగిన దానిని చేరలేదు. బూజు పట్టిన తాలుకాయను దీపం కింద ఉంచి మంచికాయలో కలపడం శుద్ధి అనిపించుకోదు.

ద్రవాల సంగతి వేరు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2000లో పండ్లరసాల శుద్ధికి అతినీలలోహిత కాంతిని అనుమతిస్తూ, రసం సుడులు తిరుగుతూ ప్రవహించాలని షరతు పెట్టింది. ప్రతి చుక్కా ఏదో ఒక క్షణంలో దీపానికి దగ్గరగా రావాలన్నదే దాని ఉద్దేశం. మిరప పరిశ్రమలోనూ కడిగే నీటికి, ఖాళీగా ఉన్న కన్వేయర్ పట్టీలకు, ప్యాకింగ్ గది గాలికి ఈ దీపాలు బాగా ఉపకరిస్తాయి. అక్కడ కాంతికి అడ్డు తక్కువ.

దీపం అమర్చిన మిల్లులో దాని గొట్టం మీద పేరుకొన్న కారపు దుమ్మును తరచూ తుడవాలి; ఆ దుమ్మే కాంతిని మింగేస్తుంది. దీపం వెలుగుతున్నట్లు కనిపించినా కాలక్రమేణా తీవ్రత తగ్గుతుంది కనుక మీటరుతో కొలిచి మార్చాలి. సాధారణ గాజు ఈ కాంతిని ఆపుతుంది కాబట్టి గాజు సీసాలో నింపిన కారాన్ని బయటి నుంచి శుద్ధి చేయలేము. కళ్లకు, చర్మానికి హాని కలుగుతుంది గనుక తలుపు తెరవగానే దీపం ఆరిపోయే ఏర్పాటు ఉండాలి. ఇక యంత్రం కొనే ముందు, శుద్ధికి ముందూ తరువాతా తీసిన నమూనాలలో బాక్టీరియా, బూజు సంఖ్యలతోపాటు అఫ్లాటాక్సిన్, రంగు విలువలను కూడా ప్రయోగశాలలో పరీక్షింపజేసి చూడాలి. ఆ నమూనాలను విక్రేత తెచ్చిన సరుకు నుంచి కాక, మిల్లుకు వచ్చే సరుకు నుంచే తీయాలి.